నలభై అయిదవ నిబంధన - ఇంట్లో కరెంటు పని ఎవరిది?

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో నలభై అయిదవది ఒకటుంది. దాని సారాంశం ఇది. వినియోగదారుని ఆవరణలో కొత్తగా వైరింగు వేయాలన్నా, ఉన్న వైరింగులో చేర్పులూ మార్పులూ మరమ్మతులూ చేయాలన్నా, ఆ పని ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరే చేపట్టాలి. యోగ్యతాపత్రం పొందిన సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. పర్మిటు ఉన్న పనివాడే తీగ ముట్టుకోవాలి. ఇంతవరకూ కఠినమే. కానీ ఆ వాక్యం నడుమ ఒక చిన్న మినహాయింపు ఉంది. దీపాలు, పంఖాలు, ఫ్యూజులు, స్విచ్చులు, ఇంటి వాడుక సామాను - వీటిలో పాతది తీసి కొత్తది పెట్టుకోవడానికి ఈ నియమం అడ్డురాదు. షరతు ఒక్కటే. ఆ మార్పు వల్ల వైరింగు సామర్థ్యం గానీ స్వభావం గానీ ఏ విధంగానూ మారకూడదు.

ఇంటి యజమానికి చట్టం వదిలిపెట్టిన జాగా అంతే. బల్బు మార్చుకోవచ్చు, కొత్త బల్బుకు కొత్త పాయింటు లాగరాదు. పాడయిన స్విచ్చు మార్చవచ్చు, స్విచ్చును మరో గోడకు తరలించరాదు. ఈ గీత సబబైనదే. అయితే ఆ మినహాయింపు జాబితాలో ఫ్యూజు పేరు చూసినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతూ ఉండేది. మన ఇళ్ళలో జరిగిన కరెంటు పనులన్నింటిలోనూ ఎక్కువ హాని చేసినది బహుశా ఆ ఒక్క పనే. దాన్నే చట్టం ఎవరైనా చేసుకోవచ్చని ఎందుకు వదిలింది? ఆ సందేహం వెంట పోతే కథ లండను దాకా, అక్కడి నుంచి కలకత్తా మీదుగా మన మెయిన్ స్విచ్చు దాకా వచ్చింది. మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

నిప్పు భయం

తొలి విద్యుద్దీపాలు వెలిగిన ఇళ్ళలో పని ఎవరు చేయాలన్న ప్రశ్నే లేదు. ఇంగ్లండు ఉత్తరభాగంలోని క్రాగ్‌సైడ్ అనే భవనం అందుకు మంచి ఉదాహరణ. దాని యజమాని విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగుల తయారీలో ప్రసిద్ధుడైన ఇంజనీరు. 1880 చివరలో జోసెఫ్ స్వాన్ తయారు చేసిన దీపాలను తన ఇంట్లో పెట్టించాడు. గ్రంథాలయంలో అలంకారానికి ఉన్న మీనాకారీ కూజాలే దీపస్తంభాలు. కూజా రాగిది కనుక దాని ఒళ్ళే కరెంటుకు దారి. అడుగున చిన్న గుంటలో పాదరసం. కూజాను అందులో నిలబెడితే దీపం వెలుగుతుంది, పైకెత్తితే ఆరిపోతుంది. అంటే ఆ ఇంట్లో స్విచ్చు అంటే కరెంటు పారే కూజా! ఈ ఏర్పాటును ఆర్మ్‌స్ట్రాంగే గర్వంగా పత్రికకు రాశాడు. అది తప్పని చెప్పే నియమం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు.

నియమాలు 1882లో వచ్చాయి. లండనులోని టెలిగ్రాఫ్ ఇంజనీర్ల, ఎలక్ట్రీషియన్ల సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. తరువాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్, విలియం క్రూక్స్, జాన్ హాప్కిన్సన్, తపాలాశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ వంటి ఉద్దండులు అందులో సభ్యులు. వారు రూపొందించినది నాలుగు పేజీల పత్రం. నేటి బ్రిటిషు వైరింగు నియమావళికీ, దాని ద్వారా మన నియమావళికీ అదే మూలపురుషుడు. ఆ పత్రం పేరే గమనించదగ్గది: విద్యుద్దీపాల వల్ల కలిగే అగ్నిప్రమాదాల నివారణకు నియమాలు. కరెంటు తగిలి మనిషి పోతాడన్నది పేరులో లేదు. అదే ఏడాది ఫీనిక్స్ అనే అగ్నిబీమా కంపెనీ కూడా తన ఇంజనీరు మస్‌గ్రేవ్ హీఫీ చేత ఇలాంటి నియమాలే రాయించింది. బీమా కంపెనీకి ఇల్లు తగలబడితే నష్టం. ఇంటివాడికి షాకు కొడితే దాని ఖాతాలో పైసా పోదు.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. గ్యాసు దీపాలతో నాటకశాలలు తగలబడుతున్న కాలం అది. ఆ భయం నుంచి తప్పించుకోవడానికే జనం విద్యుత్తు వైపు చూశారు. ఇదీ తగలబెట్టేదే అయితే దాన్ని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. అందుకే తొలి నియమాలు ముఖ్యంగా ఇంటిని కాచాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. ప్రమాదాలకు ముఖ్యకారణం సామాను సరఫరా చేసి బిగించేవారి అజ్ఞానమూ అనుభవలేమీ అని ఆ పత్రం ముందుమాటలోనే చెప్పింది. అంటే మొదటి అనుమానం ఇంటి యజమాని మీద కాదు, పనివాని మీద. లైసెన్సులూ పర్మిటులూ మొలిచినది ఈ అనుమానంలోంచే.

తీగను కాచే తీగ

నిప్పు భయానికి ఆ తరం కనిపెట్టిన మందు ఫ్యూజు. గోడలోని తీగ వేడెక్కి కాలిపోకముందే, కావాలని పెట్టిన ఒక బలహీనమైన తీగ కరిగి తెగిపోవాలి. ఏ తీగ ఎంత కరెంటుకు కరుగుతుందో 1880లలో లెక్కగట్టినవాడు పైన చెప్పిన ప్రీసే. ఆయన సూత్రం నేటికీ పాఠ్యపుస్తకాలలో ఉంది. తీగ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, రాగికైతే ఆ వచ్చినదాన్ని 80తో గుణిస్తే, తీగ కరిగే ఆంపియర్లు దాదాపుగా వస్తాయి. 5 ఆంపియర్ల ఫ్యూజుకు వాడే తీగ మందం 0.2 మిల్లీమీటరు. లెక్కవేస్తే అది సుమారు 7 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. మందం అయిదు రెట్లు పెంచి ఒక మిల్లీమీటరు తీగ పెడితే 80 ఆంపియర్ల దాకా చెక్కుచెదరదు. మందం అయిదు రెట్లయితే ఓర్పు పదకొండు రెట్లు!

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఫ్యూజు తీగను కాచేదే గాని మనిషిని కాచేది కాదు. 60 వాట్ల పాతరకం బల్బు లాగే కరెంటు పావు ఆంపియరు. మనిషి గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కరలేదు. 230 వోల్టుల తీగ పట్టుకున్న మనిషి శరీర నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే, అతని గుండా పారేది కూడా పావు ఆంపియరుకు కాస్త తక్కువే. ఫ్యూజుకు ఆ మనిషి మరో బల్బులా కనిపిస్తాడు. కరగవలసిన అవసరమే దానికి తోచదు. ఫ్యూజు ఉందిగా, భయం లేదు అనుకునేవారు మన పెద్దలలో చాలామంది ఉండేవారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు.

చట్టం మన దేశానికి వచ్చిన తీరు

కలకత్తాలో 1879లోనే విద్యుద్దీపాల ప్రదర్శన జరిగింది. 1897లో డార్జిలింగు దగ్గర సిద్రాపాంగ్‌లో చిన్న జలవిద్యుత్కేంద్రం, 1899లో కలకత్తా ఇమాంబాగ్ వీధిలో ఆవిరి విద్యుత్కేంద్రం వెలిశాయి. చట్టం ఆ వెనుకే నడిచింది. మొదట 1903లో ఒక చట్టం, దాని స్థానంలో 1910లో భారత విద్యుత్ చట్టం వచ్చాయి. నియమాలు చేసే అధికారం ఆ చట్టం ఇచ్చింది. 1922లో ఒకసారి, 1937లో ఇంకోసారి, స్వాతంత్ర్యం తరువాత 1956లో మరోసారి నియమావళి వెలువడింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఏడాదే ఈ చివరిదీ పుట్టింది కనుక, మన రాష్ట్రపు ఇళ్ళ వైరింగుకు అదే ధర్మశాస్త్రమయింది.

అంతకుముందు మనది రెండు రాజ్యాల కథ. సర్కారు జిల్లాలూ రాయలసీమా మద్రాసు ప్రెసిడెన్సీ కింద బ్రిటిషు చట్టపు నీడలో ఉండేవి. హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వానికి సొంత విద్యుత్ శాఖ ఉండేది. 1920లలో హుస్సేన్ సాగరు ఒడ్డున పనిచేసిన విద్యుత్కేంద్రం దానిదే. నేడు ఎన్.టి.ఆర్. గార్డెన్స్ ఉన్న ప్రాంతమది. రెండుచోట్లా తొలినాటి కరెంటు దివాణాలకూ కార్యాలయాలకూ మిల్లులకూ పరిమితం. అప్పటి ఇంటి వైరింగు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. గోడ మీద టేకు పట్టీలు, వాటి మీద వరుసగా రేకు క్లిప్పులు, రబ్బరు తొడుగు తీగలు, పింగాణీ కట్అవుట్లు, నల్లటి బేకలైటు స్విచ్చులు. ఆ పని వడ్రంగానికీ కరెంటుకూ నడుమ ఉండేది. పట్టీ తిన్నగా రాకపోతే మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు.

1959లో రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాక పల్లెలకు తీగలు పరుగెత్తాయి. నలభై అయిదవ నిబంధన ఊహించిన ముగ్గురు - కాంట్రాక్టరు, సూపర్‌వైజరు, పర్మిటు ఉన్న వైర్‌మన్ - అంత వేగంగా పల్లెలకు చేరలేదు. పర్మిటులు ఇచ్చే లైసెన్సింగు బోర్డు, దాని పైన విద్యుత్ తనిఖీ అధికారి ఉండేవారు. పరీక్షలూ జరిగేవి. కానీ ఊళ్ళో పంపుసెట్టు మోటారు చుట్టే కుర్రవాడే ఇళ్ళకు వైరింగు కూడా వేసేవాడు. సర్వీసు కనెక్షనుకు కావలసిన పరీక్షా నివేదిక మీద ఇంకెవరో కాంట్రాక్టరు సంతకం ఉండేది. ఈ మాట విని ఆశ్చర్యపోయే తెలుగువాడు ఉండడనుకుంటాను. చేతిపని ఒకరిది, సంతకం ఒకరిది. చట్టం పనివాని మీద పడిన అనుమానాన్ని కాగితం మీద తీర్చుకుంది.

కరెంటు పోయినప్పుడు

ఇక ఇంటి యజమాని వంతు. కరెంటు పోతుంది. పక్కింట్లో దీపం ఉందా అని చూస్తారు. ఉంటే మనదే ఫ్యూజు పోయిందన్నమాట. మెయిన్ స్విచ్చు కట్టేసి, కిట్‌క్యాట్ ఫ్యూజు పీకి, కాలిన తీగ తీసి కొత్తది చుడతారు. ఇదంతా చట్టసమ్మతమే. కొత్త తీగ ఎక్కడిది అన్నదే ప్రశ్న. కళాయి పూసిన అసలు ఫ్యూజు తీగ చుట్ట ప్రతి ఎలక్ట్రికల్ దుకాణంలోనూ దొరికేది, కారుచౌక కూడా. అయినా రాత్రి తొమ్మిదింటికి అది ఇంట్లో ఉండదు. ఉండేది పాత టేబులు ఫ్యాను వైరు ముక్క. దాన్ని కోసి రాగి పోగులు లాగుతారు.

మన దుకాణాలలో నలభై-డెబ్భైయారు అనే వైరు చాలాకాలం అమ్మారు. ఆ పేరులోనే లెక్క ఉంది. నలభై పోగులు, ఒక్కో పోగు మందం అంగుళంలో పదివేలింట 76 వంతులు. అంటే 0.19 మిల్లీమీటరు. అంటే ఆ వైరులోని ఒక్క పోగు సరిగ్గా 5 ఆంపియర్ల ఫ్యూజు తీగే! ఒక్క పోగు పెట్టి ఊరుకుంటే ఏ ఇంజనీరూ తప్పు పట్టలేడు. కానీ ఒక్క పోగు పల్చగా, వెంట్రుకలా, నమ్మకం కుదరనట్టు ఉంటుంది. మరల పోతే మరల లేవాలి. అందుకని నాలుగైదు పోగులు మెలిపెడతారు. ఇంకొందరు బైండింగు తీగ కూడా చుట్టేవారు. ఇక ఫ్యూజు పోవడం ఆగిపోతుంది. గట్టిగా కట్టాడురా అని ఇంట్లో పేరు వస్తుంది.

ఆ కాలపు వైరింగులో దీపాలకు వాడినది పద్దెనిమిదో నంబరు ఒంటి తీగ. మందం 1.2 మిల్లీమీటర్లు. ఫ్యూజులో దాదాపు అంతే మందం తీగ బిగించినప్పుడు, కరిగిపోవలసిన బలహీనమైన చోటు మెయిన్ బోర్డులో ఉండదు. అటక మీద వదులుగా మెలితిప్పిన జాయింటులోనో, గోడలో తొడుగు పెళుసుబారిన చోటో ఉంటుంది. ఇంటి గోడే ఫ్యూజు అవుతుంది.

నా సందేహానికి సమాధానం ఇక్కడే దొరికింది. చట్టం ఫ్యూజు మార్చుకోవచ్చంది గాని, సామర్థ్యం మార్చవచ్చని అనలేదు. స్విచ్చు మార్చినా పంఖా మార్చినా వైరింగు సామర్థ్యం మామూలుగా మారదు. ఫ్యూజు అలాంటిది కాదు. సామర్థ్యానికి హద్దు గీసేదే అది. నాలుగు పోగుల మెలికతో ఆ షరతు చీకట్లో, కొవ్వొత్తి వెలుగులో, చట్టం చదవని చేతుల్లో మాయమైపోయేది. నియమం రాసినవారు మర్యాదస్థుణ్ణి ఊహించుకున్నారు, డ్రాయరులో సరైన ఫ్యూజు తీగ చుట్ట దాచుకున్నవాణ్ణి. మన ఇళ్ళలో ఉన్నవాడు అతడు కాదు.

భూమికీ ఫ్యూజుకీ పొత్తు

మందపు ఫ్యూజు చేసే రెండవ హాని చాలామందికి తెలియనిది. అది ఎర్తింగును కూడా చంపుతుంది.

ఫ్రిజ్జో, నీళ్ళ మోటారో, ఎండాకాలపు రేకు కూలరో అనుకోండి. లోపల తీగ తొడుగు చిట్లి రేకుకు తగిలింది. ఎర్తు తీగ ఆ రేకును భూమికి కలుపుతుంది. చాలామంది అనుకునేది కరెంటు భూమిలోకి పోతుంది, మనల్ని ముట్టుకోదు అని. నిజానికి ఎర్తు తీగ చేయవలసినది ఒక్కసారిగా పెద్ద కరెంటును పారించి ఫ్యూజును తెగగొట్టడం. ఎర్తు గుంత నిరోధం 10 ఓములైతే పారేది 23 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు దెబ్బకు తెగుతుంది, కూలరు నిర్జీవమవుతుంది, ప్రాణాపాయం తప్పుతుంది. అదే నాలుగు పోగుల ఫ్యూజు అయితే 23 ఆంపియర్లను మోస్తూ కూర్చుంటుంది. కూలరు రేకు ప్రాణాంతకమైన వోల్టేజిలో ఉండిపోతుంది. తడికాళ్ళతో నీళ్ళు పోయడానికి వెళ్ళిన మనిషికి ఎర్తు తీగ ఉన్నా రక్షణ పూర్తిగా ఉండదు.

గుంత కథ వేరే. ఉప్పూ బొగ్గూ వేసి, గొట్టం పాతి, అప్పుడప్పుడూ నీళ్ళు పోయాలని మేస్త్రి చెప్పిపోతాడు. కొన్నాళ్ళకు ఆ గుంత మీద తులసికోటో బండపరుపో వస్తుంది. వేసవిలో నేల ఎండి నిరోధం 50 ఓములకు చేరితే పారేది అయిదు ఆంపియర్లు కూడా కాదు. అప్పుడు సరైన ఫ్యూజు ఉన్నా తెగదు. కూలర్లు తిరిగేది ఆ వేసవిలోనే.

నియమావళి ఈ విషయంలో నిద్రపోలేదు. సరఫరాదారు ప్రతి వినియోగదారుకూ ఎర్తు టెర్మినల్ ఒకటి ఏర్పాటు చేసి ఉంచాలని ముప్ఫైమూడవ నిబంధన. న్యూట్రలు తీగలో ఫ్యూజు గానీ విడి స్విచ్చు గానీ ఉండరాదని ముప్ఫైరెండవది. ఈ రెండో నియమం చాలా లోతైనది. పాత మెయిన్ స్విచ్చులలో రెండు ఫ్యూజులు పక్కపక్కన ఉండేవి, ఒకటి ఫేజుకు, ఒకటి న్యూట్రలుకు. న్యూట్రలు ఫ్యూజు తెగితే దీపాలన్నీ ఆరిపోతాయి, కానీ తీగలన్నీ బతికే ఉంటాయి. కరెంటు లేదుగా అని హోల్డరులో వేలు పెట్టినవాడికి అది తెలిసేది ఆఖరి క్షణంలోనే.

మూడు మేకుల ప్లగ్గుది కూడా ఇలాంటి కథే. బ్రిటనులో 1934లో వచ్చిన ప్రమాణం నుంచి మనకు సంక్రమించిన గుండ్రటి మేకుల ప్లగ్గులో ఎర్తు మేకు మిగతా రెండింటికన్నా లావు, పొడవు. లావు కనుక తప్పు రంధ్రంలో దూరదు. పొడవు కనుక ముందుగా తగులుతుంది, అందరికన్నా చివర విడుతుంది. అంటే కరెంటు వచ్చేముందే రక్షణ వచ్చి, కరెంటు పోయాకే పోతుంది. బ్రిటనువాళ్ళు 1947లో చదరపు మేకుల ప్లగ్గుకు మారారు, మనం గుండ్రటిదాన్నే నిలుపుకున్నాం. ఇంత ముందుచూపుతో చేసిన మేకును మనం ఏం చేశాం? సాకెట్టుకు రెండే రంధ్రాలున్నాయని పీకి పారేశాం. ప్లగ్గే లేనప్పుడు రెండు తీగల కొసలు సాకెట్టులో దోపి, అగ్గిపుల్లతో బిగించాం.

మనిషి చట్టంలోకి వచ్చిన రోజు

ఇంత చరిత్రలోనూ మానవశరీరం ఎంత కరెంటు భరిస్తుంది అన్న అంకె ఏ రక్షణ పరికరానికీ కొలమానం కాలేదు. షాకు తగిలినవారికి చేయవలసిన చికిత్స గురించి నలభై నాలుగవ నిబంధన ఉంది. ఆ సూచనలను స్థానిక భాషలో కూడా రాసి విద్యుత్కేంద్రాలలోనూ ఫ్యాక్టరీలలోనూ గోడకు తగిలించాలి. బోర్లా పడుకున్న మనిషి బొమ్మలతో ఆ చార్టులు మనం చూసినవే. ఇళ్ళలో తగిలించాలని మాత్రం లేదు. మనిషి మొదట కార్మికుడుగా చట్టంలోకి వచ్చాడు, ఇంటిమనిషిగా చాలా ఆలస్యంగా వచ్చాడు.

ఆ అంకెను వెదికినవాడు అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్‌జీల్. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 134 మంది పురుషులనూ 28 మంది స్త్రీలనూ పరీక్షించి, పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను ఎంత కరెంటు దాకా వదలగలడో కొలిచాడు. పురుషులకు సగటున 16, స్త్రీలకు పదిన్నర మిల్లీ ఆంపియర్లు తేలింది. ఫ్యూజు భాషలో చెప్పాలంటే ఇది లెక్కలోకే రాని కరెంటు.

దాదాపు అదే కాలంలో దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు ఒక పరికరం మీద పనిచేస్తున్నాడు. సూత్రం అతి సరళం. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రలులో తిరిగి రావాలి. రాకపోతే ఎక్కడో కారుతోందన్నమాట, బహుశా ఒక మనిషి గుండా. తేడా కనబడగానే కట్టేయాలి. స్టిల్‌ఫోంటైన్ అనే గని గ్రామంలో ఒక గృహిణి ఇంట్లో కరెంటు తగిలి చనిపోయిన తరువాత, 1957, 58లలో అక్కడి కొన్ని వందల ఇళ్ళలో 20 మిల్లీ ఆంపియర్ల పరికరాలు బిగించారు. ఇంటిని గాక ఇంటిమనిషిని కాచడానికి, ఆ మనిషి ఒంటికొలతతో తయారయిన రక్షణ అది. 1882 నుంచి లెక్కపెడితే డెబ్భై అయిదేళ్ళు పట్టింది. మన ఇళ్ళలో నేడు ఆర్.సి.సి.బి. అనీ, వాడుకలో ఈ.ఎల్.సి.బి. అనీ పిలిచే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం ఈ వంశానిదే. ఎర్తు గుంత ఎండిపోయి 50 ఓములున్నా అది లెక్కచేయదు. తేడా చూస్తుంది, కట్టేస్తుంది.

మన నియమావళిలోనూ అది చేరింది. 61-ఏ అనే నిబంధన లీకేజిని పట్టే పరికరాన్ని తప్పనిసరి చేసింది. కానీ తక్కువ వోల్టేజి కనెక్షన్లలో 5 కిలోవాట్ల లోపు వాటిని మినహాయించింది. రెండు దీపాలూ ఒక పంఖా ఉన్న ఇల్లు, మధ్యతరగతి వాటా, గుడిసె - వీటిలో ఏదీ ఆ నాటి 5 కిలోవాట్ల దరిదాపులకు రాదు. రేకు కూలరూ, నీళ్ళు కాచే రాడ్డూ, సర్వీసు తీగకు తగిలే ఇనుప దండెమూ ఉండేవి ఈ ఇళ్ళలోనే. రక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వారిని గీతకు అవతల నిలబెట్టాం. ఖర్చు దృష్టితో అలా చేసి ఉండవచ్చు. తరువాతి కాలంలో ఆ హద్దు తగ్గుతూ వచ్చింది.

2003లో కొత్త విద్యుత్ చట్టం 1910 నాటి చట్టాన్ని రద్దు చేసింది. 1956 నిబంధనల స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2023లో మరల కొత్తవి వచ్చాయి. నలభై అయిదవ నిబంధన అంకె మారింది గాని, ఆత్మ మారలేదు. 2010 నాటి పాఠంలో దీపాలూ పంఖాలూ ఫ్యూజులూ స్విచ్చులూ అదే వరుసలో, అదే షరతుతో ఉన్నాయి.

పరదేశాల పద్ధతి

అన్ని దేశాలూ గీతను ఒకేచోట గీయలేదు. ఆస్ట్రేలియాలో ఇంటి యజమాని వైరింగు జోలికి పోరాదు. సముద్రం దాటితే న్యూజీలాండులో, సొంత ఇంట్లో నిర్ణీతమైన పనులు తానే చేసుకుని, కరెంటు ఇచ్చేముందు లైసెన్సున్నవారి చేత తనిఖీ చేయించుకోవచ్చు. బ్రిటను చాలాకాలం ఇంటి పనిని ఇంటివారికే వదిలి, 2005 జనవరి నుంచి భవన నియమాలలో ఒక కొత్త భాగం చేర్చి పెద్ద పనులను అదుపులోకి తెచ్చింది. అమెరికాలో అనేకచోట్ల సొంత ఇంటివాడు నగరపాలిక వద్ద పర్మిటు తీసుకుని పని చేసుకోవచ్చు, గోడ మూసేముందు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. అక్కడ ఇళ్ళు కొనుక్కున్న తెలుగు మిత్రులకు ఈ తంతు పరిచితమే.

ఈ దేశాల మధ్య భేదం పని ఎవరు చేయాలన్న దగ్గర ఉంది. పోలిక మరోచోట ఉంది. చేసిన పనిని ఇంకొక కన్ను చూసి తీరాలన్న చోట గట్టి పట్టుదల. మన నియమం పనివాని అర్హత గురించి వాక్యం మీద వాక్యం రాసింది. పని పూర్తయ్యాక పరీక్షించాలని కూడా రాసింది. కానీ ఆ పరీక్ష తరచుగా సంతకంగా మిగిలిపోయింది. ఇంట్లోవారిలో ఎవరైనా గుంత నిరోధం అంకె విన్నారా? కొత్త ఇంట్లో దిగేవారు వాస్తు అడుగుతారు, నీటి లోతు అడుగుతారు, ఎర్తు ఎన్ని ఓములని అడిగినవారిని నేను చూడలేదు.

జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలలో ఇటీవలి సంవత్సరాలలో కరెంటు తగిలి మరణించినవారు దేశంలో ఏటా పదివేలకు పైనే. అందులో అందరూ ఇళ్ళలో పోయినవారు కారు. పొలాలలో ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు తామే వేయబోయి పోయిన రైతులున్నారు. లైన్‌మన్ రాడు, రాత్రి మూడింటికి కరెంటు వస్తుంది, పైరు ఎండుతోంది. ఆ రైతుకు నలభై అయిదవ నిబంధన తెలిసినా ఆగేవాడా? తెలియకపోవడం వల్ల జరిగిన చావులు వేరు, గత్యంతరం లేక జరిగిన చావులు వేరు. నియమం రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తుంది, అనధికార పని అని.

నూటనలభై ఏళ్ళ ఈ చరిత్ర చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ఒకటి. మనిషి సరిగా ప్రవర్తిస్తాడన్న నమ్మకం మీద నిలబడిన రక్షణలు మన ఇళ్ళలో నిలవలేదు. ఫ్యూజు సరైన తీగ చుట్టేవాణ్ణి నమ్మింది, ఓడింది. ఎర్తు గుంత నీళ్ళు పోసేవాణ్ణి నమ్మింది, ఎండింది. మూడో మేకు దాన్ని పీకనివాణ్ణి నమ్మింది, పోయింది. పర్మిటు సంతకాన్ని నమ్మింది. నిలిచినవి చాలావరకు ఎవరినీ నమ్మని పరికరాలే. చేత్తో చుట్టనక్కరలేని ఎం.సి.బి., కరెంటు తేడాను మాత్రమే నమ్మే ఆర్.సి.సి.బి.

ఆ చివరిదానికి కూడా ఒక చిన్న నమ్మకం ఉంది. దాని ముఖాన 'టి' అని ఆంగ్లాక్షరం రాసిన మీట ఉంటుంది. అప్పుడప్పుడూ దాన్ని నొక్కి చూడాలి. ఇల్లంతా ఒక్కసారి చీకటయితే పరికరం బతికి ఉన్నట్టు, కాకపోతే దాన్ని వెంటనే మార్పించాలి. ఆ పనికి కాంట్రాక్టరు, సూపర్‌వైజరు, పర్మిటు ఏవీ అక్కరలేదు. ఇంట్లో ఎవరైనా చేయవచ్చు.

మీ ఇంట్లో ఆ పరికరం ఉందో లేదో, ఉంటే ఆ మీట చివరిసారి ఎప్పుడు నొక్కారో ఒకసారి చూసుకోండి. మీ ఊళ్ళలో ఫ్యూజుకు ఏం తీగ కట్టేవారో, ఆ పనిని ఏమని పిలిచేవారో తెలిసినవారు రాస్తే సంతోషిస్తాను. ఈ చరిత్రలో పుస్తకాలకు ఎక్కని సగం అక్కడే ఉంది.